లాంతరు పక్కకి తిప్పిన చెయ్యి

బందరు కోట శిథిలాల దగ్గర ఒక అమావాస్య రాత్రి నేను టార్చిలైటు పట్టుకుని నాలుగు నిమిషాలు నడిచాను. ఆ నడకతో తయారైన ఫోటోలో నేను లేను. ఎందుకు లేను అన్న ప్రశ్న నన్ను అక్కణ్ణుంచి గుడివాడలో అమ్మ దగ్గరికి, ఆ తర్వాత దివిసీమలో అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అమ్మమ్మ దగ్గర ఆ ప్రశ్నే మారిపోయింది.

ఫోటోలు తీసే మిత్రుడొకరు చీకట్లో టార్చితో బొమ్మ ‘వెయ్యడం’ చూపిస్తానంటే వెళ్ళాను. కెమెరాని స్టాండు మీద బిగించి, షట్టరు తెరిచి వదిలేస్తారు. మామూలుగా సెకనులో వందో వంతు తెరుచుకునే కన్ను నిమిషాల తరబడి రెప్ప వాల్చకుండా ఉంటుంది. ఆ వ్యవధిలో ఒకరు టార్చి పట్టుకుని గోడల మీదా కమానుల మీదా గడ్డి మీదా వెలుగుని సున్నం వేసినట్టు పూస్తూ పోవాలి. వెలుగు పడిన చోటునల్లా కెమెరా కొంచెం కొంచెంగా పోగుచేసుకుంటుంది. పడని చోటు నల్లగా మిగిలిపోతుంది. దీన్నే లైట్ పెయింటింగ్ అంటున్నారు.

నాకు చెప్పిన నియమాలు నాలుగు. నల్లబట్టలు వేసుకోవాలి. ఎక్కడా ఆగకూడదు. వెలుగు పడే గోడకీ కెమెరాకీ మధ్య అడ్డం రాకూడదు. టార్చి మొహం కెమెరా వైపు తిప్పకూడదు. ఈ నాలుగూ పాటిస్తే ‘నువ్వు కనిపించవు’ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా ఇళ్ళల్లో ఆడపిల్లలకి చెప్పే బుద్ధులు కూడా ఇంచుమించు ఇవేగా! రంగులు వద్దు, ఊరికే కూర్చోకు, నలుగురిలో అడ్డం రాకు, ఎదురు చూడకు.

అయినా ఆ నాలుగు నిమిషాలూ నాకు ఇష్టంగానే గడిచాయి. 1864 నవంబరు ఉప్పెనలో సుమారు 30,000 మందిని పోగొట్టుకున్న ఊరు బందరు. డచ్చివాళ్ళ నాటి ఆ ఇటుకల మీద వెలుగు ఎక్కడ ఎంతసేపు ఆగాలో నా చెయ్యే నిర్ణయించింది. ఎదురుగా వేస్తే గోడ చదునుగా, చప్పగా పడుతుందనీ, పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ఒక్కో ఇటుక గరుకూ పైకి తేలుతుందనీ నాకు నేనే తెలుసుకున్నాను. వేర్లు పట్టిన ఒక మూలని కావాలనే చీకట్లో వదిలేశాను. ఫోటో బాగా వచ్చింది. కొన్నాళ్ళకి ఒక ప్రదర్శనలో గోడెక్కింది. కింద మిత్రుడి పేరు ఒక్కటే ఉంది.

అడిగాను. “షట్టరు నొక్కింది నేను కదా!” అన్నాడు. ఆశ్చర్యంగానే అన్నాడు. అందులో మోసం లేదు, అతనికి నిజంగానే ఆ ఆలోచన తట్టలేదు. కుంచె పట్టుకున్నవాళ్ళని చిత్రకారులంటాం. ఇక్కడ కుంచె టార్చి. అది పట్టుకున్నది నేను. కానీ నేను ‘సాయానికి’ వచ్చినదాన్ని. ఇంటిచాకిరీకి ఈ దేశంలో ఉన్న పేరు కూడా సాయమే కదా.

ఆ ఫోటో కాపీని గుడివాడలో అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని, కోట మొత్తం వెతికి, “నువ్వెక్కడున్నావే ఇందులో?” అంది. “ఈ వెలుగంతా నేనే అమ్మా” అన్నాను. అమ్మ ఇంకోసారి చూసి, “అయితే వంటిల్లు ఫోటో తీస్తే నేనూ అలాగే ఉంటాను” అని పాలగిన్నె దింపడానికి లేచింది. ఆ మాట ఆమె బాధగా అనలేదు, తెలిసిన విషయం చెప్పినట్టు అంది.

నా పిహెచ్.డి. రోజుల్లో నేను రాత్రుళ్ళు చదువుకోగలిగానంటే, ఆ ఇంట్లో మిగతా పనులన్నీ వేరే చేతుల మీద జరిగిపోయాయి కాబట్టే. థీసిస్ కృతజ్ఞతల పేజీలో నా పర్యవేక్షకుడికి ఒక పేరా, గ్రంథాలయాలకి ఒక పేరా ఇచ్చాను. ‘అమ్మానాన్నలకు’ అని ఒక్క ముక్క. నాన్న చదవమన్నాడు, అమ్మ చదివించింది. ఆ ఒక్క ముక్కలో ఇద్దరినీ సమానం చేశాను. అంటే నా మిత్రుడు నాకు చేసింది నేను అమ్మకి ముందే చేసి ఉన్నాను.

ఇక్కడిదాకా మనకి కొత్తేమీ లేదు. అదృశ్య శ్రమ గురించి మన పత్రికల్లో రెండు తరాలుగా రాస్తున్నాం. కానీ నన్ను పట్టుకున్నది ఇంకో ప్రశ్న. కదిలేవాళ్ళు ఫోటోలో పడకపోవడం కాంతి ధర్మమా, లేక ఎవరో పెట్టిన నియమమా?

1838లో డగేర్ పారిస్‌లో ఒక వీధిని పై అంతస్తు కిటికీలోంచి ఫోటో తీశాడు. పట్టపగలు. బళ్ళూ మనుషులూ తిరుగుతున్న వీధి. ఆ రోజుల్లో బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టేది కాబట్టి కదిలేవాళ్ళంతా మాయమైపోయారు. ఒక మూల ఒక మనిషి మాత్రం పడ్డాడు. ఎందుకంటే అతను బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడి ఉన్నాడు. ఫోటోలో దొరికిన మొదటి మనిషి అతనే అంటారు. పాలిష్ చేస్తున్న మనిషి మసకగా, ఒక మరకలా మిగిలాడు. ఎవరికోసమైతే ఇంకొకరు పని చేస్తున్నారో వాళ్ళకి నిలబడే తీరిక ఉంటుంది, నిలబడినవాళ్ళు చరిత్రలో పడతారు. దీనిలో కాంతి తప్పేమీ లేదు. కాంతి అందరిమీదా ఒకేలా పడింది. తేడా తీరికలో ఉంది.

మరి పనిచేసే చేతులకే దీపం కడితే? అదీ జరిగింది. 1910ల్లో అమెరికాలో గిల్‌బ్రెత్ దంపతులు కార్మికుల వేళ్ళకి చిన్న బల్బులు కట్టి, షట్టరు తెరిచి ఉంచి, పని చేయించి ఫోటోలు తీశారు. అనవసరమైన కదలికలు తగ్గించడం వాళ్ళ ఉద్దేశం. ఆ ఫోటోల్లో చేతులు గీసిన దారులు తెల్లటి దారపు పోగుల్లా స్పష్టంగా ఉంటాయి. మొహాలు చెదిరిపోయి ఉంటాయి. పని కనిపించింది, మనిషి కనిపించలేదు. ఆ దంపతుల్లో లిలియన్ గిల్‌బ్రెత్ 1914లో ‘సైకాలజీ ఆఫ్ మేనేజ్‌మెంట్’ పుస్తకం అచ్చు వేయించుకుంటే, రాసింది స్త్రీ అని తెలియకుండా ప్రచురణకర్తలు పొడి అక్షరాలతో ‘ఎల్.ఎం. గిల్‌బ్రెత్’ అని వేశారు. ఇతరుల కదలికల మీద దీపం పెట్టిన స్త్రీ పేరు మీద కూడా దీపం లేదు.

ఇప్పుడు 1949కి రండి. జోన్ మిలి అనే ఫోటోగ్రాఫర్ ఫ్రాన్సులోని వలోరిస్‌లో పికాసో చేతికి చిన్న దీపమిచ్చి గాలిలో బొమ్మలు గీయించాడు. చీకటి గదిలో, షట్టరు తెరిచి. ఆ ఫోటోలు ‘లైఫ్’ పత్రికలో వచ్చాయి. వాటిలో గీత ఉంది, గీసిన పికాసో కూడా నిక్షేపంలా ఉన్నాడు! ఎలా? మధ్యలో ఒక్క క్షణం ఫ్లాష్ వెలిగించి అతని ఒంటిని కూడా ఫోటోలో నిలబెట్టారు. అంతే. నాకు చెప్పిన నియమాలు ప్రకృతి నియమాలు కావని ఆ ఫ్లాష్ రుజువు చేస్తోంది. దీపం పట్టినవాళ్ళని చూపించాలనుకుంటే చూపించవచ్చు. ఎవరిని చూపించాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది, అంతే.

సాహిత్య చరిత్ర కూడా ఇలాంటి పొడుగాటి ఫోటోయే అని నాకు అనిపిస్తుంది. నేను నడిచిన ఆ బందరులోనే 1902లో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టారు. అదే ఏడాది అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ ‘హిందూసుందరి’లో వచ్చింది. అయినా మనం బళ్ళో చదువుకున్న మొదటి కథ 1910 నాటి ‘దిద్దుబాటు’. ఆమె కథ ఎవరూ దాచిపెట్టినది కాదు. అచ్చులోనే ఉంది. టార్చి పట్టుకుని నడిచిన విమర్శకులు ఆ గోడ దగ్గర ఆగలేదు, అంతే. దశాబ్దాల తర్వాత పరిశోధకులు వెనక్కి వెళ్ళి వెలుగు వేస్తే తెలిసింది, అక్కడ గోడ ఉందని.

ఈ పనికి మనం వాడే మాట ‘వెలుగులోకి తేవడం’. నేనూ ఆ మాటని ధీమాగా వాడుతూ వచ్చాను. చీకటి అంటే అణచివేత, వెలుగు అంటే న్యాయం. స్త్రీలు ఎక్కడ కనిపించకపోతే అక్కడికి దీపం పట్టుకుని పోవడమే మన బాధ్యత. ఆ ధీమాతోనే ఈసారి నా సొంత కెమెరా, సొంత టార్చి పట్టుకుని దివిసీమ వెళ్ళాను. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన చోట్లని రాత్రిపూట వెలుగుతో చిత్రించాలని, అమ్మమ్మని ఆ చోట నిలబెట్టి, పికాసోకి వేసినట్టు ఆమె మీద కూడా ఫ్లాష్ వెయ్యాలని నా ఆలోచన. 10,000 మందికి పైగా పోయిన ఆ ఉప్పెనలో బతికి బయటపడ్డ మనిషి అమ్మమ్మ. ఆమెను చూపించకపోతే ఎవరిని చూపిస్తాను?

గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. పొద్దు గుంకాక కరకట్ట దగ్గర స్టాండు బిగిస్తుంటే అమ్మమ్మ అరుగు దిగి వచ్చింది. టార్చి సరిచూడటానికి వెలిగించాను. వెలుగు ఆమె మొహం మీద పడింది. ఆమె చప్పున పైట లాక్కుని మొహం తిప్పేసుకుంది. “మొహం మీద లైటెయ్యకే!” అంది. కోపంగా కాదు, భయంగా. డెబ్భై దాటిన మనిషి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ రాత్రి కెమెరా తెరవలేదు. అరుగు మీద కూర్చుని ఆమె చెప్పింది విన్నాను. ఇది రాయడానికి ఒప్పుకుంది. పేరు రాయొద్దు, ఊరి పేరు రాయొద్దు అని షరతు పెట్టింది.

మా అమ్మ అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్ల. చదువుకోసం గుడివాడలో పెద్దమ్మ ఇంట్లో ఉంది కాబట్టి ఉప్పెన చూడలేదు. అమ్మమ్మ దగ్గర ఉన్నది ఏడాది నిండని కొడుకు. నీళ్ళు వచ్చినప్పుడు వాడు ఆమె చంకలో ఉన్నాడు. అంతవరకే ఆమె చెప్పింది, అంతవరకే నేను రాస్తున్నాను. నీళ్ళు ఆమెను సర్కారు తుమ్మ కంపలో పడేసి పోయాయి. చీర, రవిక ఏమీ మిగల్లేదు. ఒళ్ళంతా ముళ్ళు. మర్నాడంతా అలాగే ఉంది. చీకటి పడ్డాక దూరంగా టార్చిలైట్లు కనిపించాయి. మగవాళ్ళ గొంతులు. “ఎవరైనా ఉన్నారా?” అని కేకలు.

“నువ్వు పలకలేదా అమ్మమ్మా?”

“ఎట్లా పలకనే? ఒంటిమీద నూలుపోగు లేదు. లైటు అటూ ఇటూ తిరుగుతోంది. నా మీద పడకుండా కంపలోకి ఇంకా ముడుచుకున్నాను.”

బతికించడానికి వచ్చిన వెలుగు నుంచి ఆమె దాక్కుంది. ఆ వెలుగు ముందుకి వెళ్ళిపోయింది. ఇంకా ఎంతసేపటికో ఒక హరికేన్ లాంతరు వచ్చింది. దానితో ఒక ఆడమనిషి, ఎగువ ఊరి నుంచి తన వాళ్ళని వెతుక్కుంటూ వచ్చింది. లాంతరు పైకెత్తి చూసింది, అమ్మమ్మని చూసింది. చూసిన మరుక్షణం లాంతరుని పక్కకి తిప్పి, తన వీపు వెనక నేలమీద పెట్టింది. చీకట్లోనే తన చీర కొంగు వైపు సగం చింపింది. విసరలేదు, చేతికిచ్చింది. అమ్మమ్మ చుట్టుకుంది. అప్పుడు ఆమె “దీపం తెచ్చుకోనా, ముళ్ళు తియ్యాలి” అని అడిగింది. అమ్మమ్మ ఊ అన్నాక లాంతరు దగ్గరికి తెచ్చి, కంపలోంచి ఒక్కో కొమ్మా విడదీసింది.

“ఆమె ఎవరు?”

“ఏమో. ఏ ఊరో, ఏ కులమో. ఆ ఒక్క రాత్రే ఎవరూ ఎవర్నీ అడగలేదు.”

ఈ కథ విన్నాక నేను చాలా రోజులు ఏమీ రాయలేకపోయాను. ఎందుకంటే దీన్ని తేలిగ్గా ఎటువైపైనా తిప్పేయొచ్చు. చూశారా, వెలుగు కూడా హింసే, స్త్రీలని వాళ్ళ చీకట్లో వాళ్ళని ఉండనివ్వండి అనొచ్చు. ఆ మాట పితృస్వామ్యం ఎప్పట్నుంచో చెబుతున్నదే. అమ్మమ్మని కంపలోకి ముడుచుకునేలా చేసిన సిగ్గు ఆమెతో పుట్టింది కాదు, ఆమెకి నేర్పింది. కొడుకుని పోగొట్టుకుని, నెత్తురోడుతూ, చావుకి దగ్గరగా ఉన్నా కూడా గొంతు లేవకుండా చేసిన ఆ సిగ్గు దాదాపు ఆమె ప్రాణం తీసింది. లాంతరు ఆడమనిషి రాకపోతే అమ్మమ్మ లేదు. కాబట్టి చీకటిని కీర్తించే హక్కు నాకు లేదు.

కానీ ఆ సిగ్గు తప్పని నాకు తెలిసినంత మాత్రాన ఆమె మీద టార్చి వేసే హక్కు నాకు వస్తుందా? ఇక్కడే నేను ఆగిపోయాను. డెల్టా రోడ్ల మీద రాత్రి బస్సుల్లో తిరిగిన మనందరికీ ఒక దృశ్యం తెలుసు. మరుగుదొడ్లు లేని రోజుల్లో ఆడవాళ్ళు చీకటి కోసం పొద్దంతా కాచుకుని రోడ్డు పక్కకి వచ్చేవాళ్ళు. బస్సు లైట్లు పడగానే వరసగా లేచి నిలబడేవాళ్ళు, మొహాలు అటు తిప్పుకుని. బస్సులో ఉన్న నాకు వాళ్ళు కనిపించారు. అది వెలుగులోకి తేవడం అవుతుందా? వాళ్ళకి కావలసింది హెడ్‌లైటు కాదు, తలుపున్న నాలుగు గోడలు. ఆ గోడలు కట్టాక, లోపల బల్బు కూడా కావాలి. ఆ స్విచ్ వాళ్ళ చేతికి అందాలి.

లాంతరు మనిషికి ఈ క్రమం తెలుసు. ముందు గుడ్డ, తర్వాత దీపం. ఆమె వెలుగుని వదులుకోలేదు, ముళ్ళు తియ్యడానికి వెలుగు తప్పదు. అలాగని వెలుగుతోనే మొదలుపెట్టలేదు. మధ్యలో ఒక ప్రశ్న పెట్టింది. “తెచ్చుకోనా?” ఈ ప్రశ్నే వెతకడానికి వచ్చిన టార్చిలకీ ఆమెకీ ఉన్న తేడా. ఆ మగవాళ్ళది చెడ్డ ఉద్దేశం అని నేను అనను. ప్రాణాలకి తెగించి వచ్చి ఉంటారు. కానీ తమ చేతిలో వెలుగు ఎవరి ఒంటిమీద ఎలా పడుతుందో ఆలోచించే అవసరం వాళ్ళకి ఎన్నడూ రాలేదు. టార్చి పట్టుకుని కరకట్ట మీద నిలబడ్డ నాకూ రాలేదు. స్త్రీవాదం చదివినందువల్ల నా టార్చి దానంతటదే మర్యాద నేర్చుకోలేదు.

ఇప్పుడు నా మొదటి ఫిర్యాదు దగ్గరికి తిరిగి వస్తాను. ఆ కోట ఫోటోలో నా మొహం లేకపోవడం నాకు బాధ కాదు, ఆ చీకట్లో కనబడకుండా తిరగడం నాకు నచ్చింది కూడా. నాకు కావలసింది కింద పేరు. అచ్చమాంబకి జరగాల్సిన న్యాయం కూడా పేరే. ఆమె తన పేరుతోనే కథ అచ్చు వేయించుకుంది, మనం చదవలేదు. అమ్మమ్మకి కావలసింది ఇంకొకటి. కథ చెప్పాలి, పేరూ మొహమూ వద్దు. ఈ ముగ్గురికీ ఒకే టార్చి, ఒకే దూరం నుంచి వేస్తే ఒకరికి న్యాయం, ఇంకొకరికి అవమానం అవుతుంది. కనిపించడమా, కనిపించకపోవడమా అన్నది అసలు ప్రశ్న కాదు. అది ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ప్రశ్న. 1935లో మాన్ రే దీపపు కలంతో గాలిలో గీతలు గీస్తూ తన ఫోటో తానే తీసుకున్నాడు. పిచ్చిగీతలే అనుకున్నారు అందరూ. 2009లో ఎలెన్ కేరీ అనే ఫోటోగ్రాఫర్ దానికి అద్దం పెట్టి చూస్తే అతని సంతకం బయటపడింది. తన పేరుని వెలుగులోనే దాచుకునే వీలు అతనికి దొరికింది. ఆ వీలు అందరికీ ఉండాలని అడుగుతున్నాను.

ఫోటోగ్రఫీ అంటే వెలుగుతో రాయడం అంటారు. మన భాషలో మాత్రం దాన్ని ఛాయాచిత్రం అన్నారు. ఆ పేరు పెట్టినవాళ్ళు నీడని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

తర్వాతి నెల మళ్ళీ దివిసీమ వెళ్ళాను. ఈసారి కెమెరా సంచిలోంచి తియ్యకుండానే అమ్మమ్మకి మొత్తం చెప్పాను. షట్టరు ఎలా తెరుచుకుంటుందో, కదిలితే మనిషి ఎలా మాయమవుతుందో. ఆమె ఆసక్తిగా విని, “ఆ టార్చి నాకియ్యి” అంది. నేను స్టాండు బిగించి షట్టరు తెరిచాను. ఆమె టార్చిని కిందికి, తన కాళ్ళ ముందుకి పట్టుకుని, రోజూ రాత్రి నడిచినట్టే నడిచింది. అరుగు దిగి, బోరింగు దాకా వెళ్ళి, చెంబు నింపుకుని, తిరిగి గడప దాకా వచ్చింది.

ఫోటోలో చీకటి, దాంట్లో నేలని ఆనుకుని ఒక వెలుగుదారి. గడప నుంచి బోరింగు దాకా, మళ్ళీ వెనక్కి. చెంబు నింపిన చోట అది కొంచెం ఎక్కువ తెల్లగా ఉంది.

“నువ్వు కనిపించడం లేదు అమ్మమ్మా” అన్నాను, కెమెరా వెనకవైపు తెర మీద చూపిస్తూ.

“ఎక్కడికెళ్ళానో తెలుస్తోందిగా, చాల్లే” అంది.

ఆ ఫోటో నేనెక్కడా ప్రచురించలేదు. ఆమె దగ్గరే ఉంది. కావాలంటే వచ్చి చూడమనండి, అంది.